ఐదు ఓట్ల ఫిన్స్‌బరీ

మేము లండన్ వచ్చింది 2001లో. ఆ మొదటి చలికాలంలోనే కౌన్సిల్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. విప్పి చూస్తే, మీ ఇంట్లో ఓటు హక్కు ఉన్నవాళ్ళ పేర్లు రాసి పంపండి అని ఒక ఫారం. మన పాస్‌పోర్టేమో ఇండియాది, మనకిక్కడ ఓటేమిటి, పొరపాటున వచ్చి ఉంటుందిలే అనుకుని వంటింటి సొరుగులో పడేశాం. మరుసటేడు వచ్చిందీ ఆ సొరుగులోకే వెళ్ళింది. నిజం చెప్పాలంటే కాస్త భయం కూడా. పేరు రాసి పంపితే వీసాకి ఏమైనా ఇబ్బంది అవుతుందేమో, ఎందుకొచ్చిన గొడవ! అలా 2005 ఎన్నికలు మా గుమ్మం ముందునుంచే వెళ్ళిపోయాయి.

మా కళ్ళు తెరిపించింది మన తెలుగు బడి హోంవర్కే. లండన్‌లో మన దేశంతో సంబంధం ఉన్న ఒక చోటు గురించి పది వాక్యాలు రాసుకు రమ్మన్నారు టీచరుగారు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఏ మ్యూజియమో చూపించి తెమల్చవచ్చు అనుకున్నాం గానీ, ఫిన్స్‌బరీలో ఒక స్నేహితుల ఇంటికి వెళ్తూ ఉంటే సందు చివర బోర్డు దాని కంటబడింది. "నౌరోజీ స్ట్రీట్". "నాన్నా, ఇది మన పేరులా ఉందే, ఎవరాయన?" అంది. దాదాభాయి నౌరోజీ, భారత కురువృద్ధుడు, కాంగ్రెస్ అధ్యక్షుడు అని చిన్నప్పుడు మార్కుల కోసం బట్టీపట్టిన ముక్కలు అప్పజెప్పాం. "మరి ఆయన పేరు ఇక్కడెందుకు పెట్టారు?" అంటే మా దగ్గర జవాబు లేదు. లైబ్రరీకి పరుగెత్తాం.

పిల్లలూ, ఇప్పుడు మీరు ఏ మ్యాపులో వెతికినా "ఫిన్స్‌బరీ సెంట్రల్" అనే పార్లమెంటు నియోజకవర్గం కనపడదు. పాత ఫిన్స్‌బరీ నియోజకవర్గాన్ని ముక్కలు చేసి 1885లో దాన్ని ఏర్పాటు చేశారు, 1918లో తీసేశారు. బతికింది 33 ఏళ్ళే! క్లర్కెన్‌వెల్ చుట్టుపక్కల ఇరుకు వీధులు అవి. గడియారాలు చేసేవాళ్ళు, నగల పనివాళ్ళు ఎక్కువగా ఉండేవారు. ఆడవాళ్ళకు ఓటు లేదు. మగవాళ్ళలో కూడా బీదవాళ్ళు చాలామందికి లేదు.

నౌరోజీ బొంబాయిలో 1825లో పుట్టిన పార్సీ. లెక్కల ప్రొఫెసరు. 1855లో వ్యాపారం పనిమీద ఇంగ్లండు వచ్చారు. మన దేశం సంపద ఏటా ఎలా ఇటు తరలిపోతోందో అంకెలు వేసి చూపించినవారు. ఆ మాట లండన్ పార్లమెంటులోనే చెప్పాలని ఆయన పట్టుదల. 1886లో హోబర్న్‌లో నిలబడి ఓడిపోయారు. ఆ ఓటమి గురించి 1888లో ఎడిన్‌బరో సభలో మాట్లాడుతూ అప్పటి ప్రధాని లార్డ్ సాలిస్‌బరీ, ఇంగ్లీషువాళ్ళు ఒక "నల్లవాణ్ణి" ఎన్నుకునే దాకా ఇంకా రాలేదన్న అర్థం వచ్చేలా అన్నారు. అంతే, దేశమంతా గోల. అప్పటిదాకా నౌరోజీ ఎవరో తెలియనివాళ్ళకు కూడా తెలిసిపోయింది! ఆ ప్రధాని ఆయనకు చేసిపెట్టినంత ప్రచారం ఇంకెవరూ చేసి ఉండరని మాకనిపిస్తుంది.

1892 జూలైలో ఫిన్స్‌బరీ సెంట్రల్‌లో లిబరల్ పార్టీ తరఫున నిలబడ్డారు. అంతకుముందు సొంత పార్టీలోనే టికెట్టు నాదంటే నాదని పోటీ. అవతల కన్జర్వేటివ్ అభ్యర్థి కెప్టెన్ పెంటన్, అప్పటికి అక్కడి ఎం.పి. (పెంటన్‌విల్ అనే పేరు వచ్చింది వాళ్ళ వంశం నుంచే.) ఓట్లు లెక్కపెడితే నౌరోజీకి 2,961, పెంటన్‌కి 2,956. తేడా ఐదు! ఆయన పేరు పలకడం చేతకాక "నారో మెజారిటీ" అని హాస్యమాడారట. అంతకు ముందు 1841లో సడ్‌బరీలో డైస్ సోంబర్ అనే మిశ్రమ సంతతి ఆయన గెలిచారు గానీ ఆ ఎన్నికే రద్దయింది. అందుకే మొదటి భారతీయ ఎం.పి. అంటే అందరూ నౌరోజీనే చెప్పుకుంటారు.

అక్కడ ఆయన చేసిందేమిటి? అప్పట్లో ఐ.సి.ఎస్. పరీక్ష లండన్‌లోనే జరిగేది. నెల్లూరు కుర్రాడైనా కాకినాడ కుర్రాడైనా ఓడెక్కి ఇక్కడిదాకా రావాల్సిందే. ఎంత ఖర్చు, ఎంతమందికి వీలవుతుంది చెప్పండి? ఆ పరీక్ష ఇండియాలో కూడా ఒకేసారి పెట్టాలనే తీర్మానం 1893లో కామన్స్ సభలో నెగ్గింది. కానీ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. ఇండియాలో ఆ పరీక్ష మొదలైంది 1922లో. అప్పటికి నౌరోజీ పోయి ఐదేళ్ళు. 1895 ఎన్నికల్లోనే ఆయన ఓడిపోయారు, మళ్ళీ గెలవలేదు.

ఇదంతా చదివిన రాత్రి మా అమ్మాయి లెక్క కట్టింది. "అంటే ముగ్గురు ఇటు వెయ్యకుండా అటు వేసుంటే ఆయన ఓడిపోయేవారు కదా? మరి మీరెందుకు వెయ్యరు?" మా ఇద్దరికీ నోట మాట రాలేదు. మర్నాడు సొరుగు వెతికితే పాత ఫారాలు పిజ్జా కాగితాల కింద దొరికాయి. అప్పుడు విచారిస్తే తెలిసింది, ఇక్కడ చట్టప్రకారం ఉంటున్న భారత పౌరులకు, కామన్‌వెల్త్ వాళ్ళుగా, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుందని! ఆఫీసులో మాతో పనిచేసే ఫ్రెంచి ఆయనకి లేదు, మాకుంది. ఆయన మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. వీసాకి దీనితో ఏ ఇబ్బందీ రాలేదు.

2010లో మొదటిసారి ఓటు వేశాం. కౌన్సిల్ స్కూలు హాలు, తాడు కట్టిన పెన్సిలు. వేలికి సిరా చుక్క పెట్టరని తెలిసీ మేం చెయ్యి చాపాం! 2024 జూలై 4న మా అమ్మాయీ మాతో వచ్చి వేసింది. ఇప్పుడు ఫోటో ఉన్న గుర్తింపు చూపించాలి. ఇండియా పాస్‌పోర్టు కూడా పనికొస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళు గమనించండి. కౌన్సిల్ కవరు వస్తే మాలాగా సొరుగులో పడెయ్యకండి.

నౌరోజీ స్ట్రీట్ ఫిన్స్‌బరీ టౌన్ హాలుకు దగ్గర్లోనే ఉంది. ఆయన పేరుతో ఒక ఫలకం ఆ టౌన్ హాలు గోడకూ ఉంది. ఏంజెల్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్ళవచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు గొడుగులు మరచిపోకండి. మేం వెళ్ళిన మూడుసార్లూ వానే.