మడి అంచుకి ఏ కర్ర?

మైదానంలో ఉన్న బడికి పూలమడి అంచు అందం కోసం. మాకు అందం తర్వాతి సంగతి. పాడేరు, అరకు వైపు బడులు చాలావరకు వాలు మీదే ఉంటాయి. ఒక్క గట్టి వాన కురిస్తే చాలు, నిన్న తోటకూర చల్లిన మడిలోని మట్టంతా కింద బోరింగు దగ్గర తేలుతుంది. అందుకని మడి చుట్టూ ఏదో ఒకటి అడ్డం పెట్టక తప్పదు. రాయి దొరికినచోట రాయి పేరుస్తాం. రాయి మోసే మనుషులు లేనిచోట, పిల్లలు కూర్చుని కలుపు తీయడానికి వీలుగా ఉండాలనుకున్నచోట కర్ర పెడతాం. ఆ కర్ర ఏదైనా ఒకటే అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. అది నిజం కాదు.

బడి తోట మామూలు తోట కాదు. అక్కడి గోంగూర, బచ్చలి మధ్యాహ్నం పప్పులో పడతాయి. మా పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, మడి అంచు మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, మట్టి చేతులతోనే జామకాయ కొరుకుతారు. ఒకటో తరగతి వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, వేలు నోట్లోనే ఉంటుంది. కర్రలో ఏమున్నా అది మొదట చేరేది వాళ్ల ఒంట్లోకే.

రెండేళ్ల కిందట బడులన్నీ అందంగా కనబడాలని పైనుంచి మాట వచ్చింది. ఒక గుత్తేదారు పాత రైలు స్లీపర్లు ఇరవై ఉచితంగా దింపిస్తానన్నాడు. తొమ్మిదడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, అయిదంగుళాల మందం. ఒక్కొక్కటి నలుగురు మోయాలి. పేర్చితే గోడలా నిలబడతాయి. మా కొండల్లో రైలు చెక్క కొత్తది కాదు. కొత్తవలస నుంచి కిరండోల్ పోయే లైను 1960ల్లో వేశారు. ఆ తర్వాత దేశమంతటా చెక్క స్లీపర్ల స్థానంలో కాంక్రీటువి వచ్చాయి. తీసేసిన చెక్క ఎన్నో చోట్ల వంతెనై, అరుగై, పశువుల పాక కంబమై నిలబడింది. అందుకే మేము వద్దన్నప్పుడు ఊళ్లో అందరికీ కోపం వచ్చింది. "ఉత్తినే వస్తంటే వద్దంటారేటి మేస్టారూ" అని కమిటీ పెద్ద అడిగాడు. ఆయనకి ఇచ్చిన జవాబే ఇక్కడ రాస్తున్నాం, కాస్త విడమరిచి.

స్లీపరు చెక్కకి చెద పట్టకుండా క్రియోసోటు అనే నల్లటి నూనె ఎక్కిస్తారు. రాతిబొగ్గు నుంచి వచ్చే తారుని కాచి తీసే నూనె అది. మన దేశంలో దాన్ని ఫర్నేసు నూనెలో కలిపి ఒత్తిడి పెట్టి చెక్క లోపలికి దించేవారు. గుగ్గిలం, టేకు లాంటి గట్టి చెక్కకి చాలాసార్లు ఏ మందూ పెట్టలేదు. దేవదారు, చీర్ లాంటి మెత్తటి చెక్కకే ఎక్కువగా పట్టించారు. అయితే పాత చెక్కల కుప్ప ముందు నిలబడితే ఏది ఏదో చెప్పడం కష్టం. ఎండ మండేటప్పుడు క్రియోసోటు చెక్క చెమట పట్టినట్టు నూనె కక్కుతుంది, రోడ్డు మీద తారు వాసన వేస్తుంది. ఆ నూనె అంటిన చర్మం ఎండ తగిలితే మండి బొబ్బలెక్కుతుంది. ఏళ్ల తరబడి తాకుతూ ఉంటే క్యాన్సరు ముప్పు ఉంది. ఐరోపా దేశాల్లో ఇలాంటి చెక్కని పిల్లలు ఆడేచోట, తోటల్లో వాడకూడదని నిషేధం పెట్టారు. అక్కడ వద్దన్నది మా కొండెక్కితే మంచిదైపోదు కదా. ఇక మందు పెట్టని స్లీపరు మాటకొస్తే, దాని మీద ముప్పై ఏళ్లు రైళ్లు తిరిగాయి. ఇంజను నూనె, గ్రీజు, పెట్టెల్లోంచి జారినవన్నీ దాని మీదే పడ్డాయి. ఇది చెప్పగానే కమిటీ పెద్ద ముఖం చిట్లించాడు. క్రియోసోటు గురించి ఎంత చెప్పినా కదలని మనిషి ఈ ఒక్క మాటకి కదిలాడు.

నల్లటిదాన్ని ముక్కుతో పట్టుకోవచ్చు. పచ్చటిదాంతోనే అసలు చిక్కు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించిన చెక్క కొత్తలో లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఈ మందు కథ మన పిల్లలకి చెప్పవలసిందే. దీన్ని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కనిపెట్టినవాడు సొంటి కామేశం, మన తెలుగువాడు. ఆర్సెనిక్ గుర్తు, రాగి గుర్తు కలిపి దానికి ఆస్కు అని పేరు పెట్టారు. సైన్సు పాఠంలో మూలకాల గుర్తులు చెప్పేటప్పుడు మేము ఈ ఉదాహరణే వాడతాం, పిల్లలు మరిచిపోరు. ఆ మందు ప్రపంచమంతా పాకింది. రెండు మూడేళ్లలో పుచ్చిపోయే చెక్క దాంతో దశాబ్దాలు నిలబడింది, అంటే ఎన్నో చెట్లు నరకకుండా మిగిలాయి. కరెంటు స్తంభానికి, కర్మాగారంలో వేడినీళ్లు చల్లార్చే కూలింగ్ టవరుకి అది గొప్ప మందే. కూరమడికి మాత్రం కాదు. ఆర్సెనిక్ అంటే పాషాణం. వానకి కొద్దికొద్దిగా చెక్కలోంచి మట్టిలోకి దిగుతుంది. చెక్కని ఆనుకున్న కొద్ది అంగుళాల మట్టిలోనే ఎక్కువగా ఉంటుంది. మొక్క వేళ్లతో పీల్చుకునేదాని కన్నా, ఆకుకూరకి, దుంపకి అంటుకున్న మట్టితో, పిల్లల చేతి మట్టితో లోపలికి పోయేదే ఎక్కువ భయం. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల దగ్గర వాడే కలపకి ఈ మందు పట్టించడం మానేశారు.

ఎండకీ వానకీ ఆ పచ్చదనం నాలుగైదేళ్లలో వెలిసిపోయి మామూలు బూడిదరంగు చెక్కలా కనబడుతుంది. కంటితో గుర్తు పట్టలేం. అందుకని విశాఖ వైపు నుంచి లారీలో వచ్చే పాత ఫ్యాక్టరీ కలప ఎంత చవగ్గా వచ్చినా, అది ఎక్కడ పనిచేసిందో అమ్మేవాడు చెప్పలేకపోతే మేము ముట్టం. ఇంకో మాట. అలాంటి చెక్క ముక్కల్ని పొయ్యిలో పెట్టకూడదు. పొగలోనూ పాషాణమే, బూడిదలోనూ పాషాణమే. మనం బూడిదని వంకాయ మొక్క మీద చల్లుతాం, గిన్నెలు తోముతాం. వంట చేసే అమ్మలకి ఇది ముందే చెప్పి ఉంచాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. పాత తలుపులు, కిటికీ రెక్కలు కోసి అంచు పెడితే వాటి మీది రంగులో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసినదానికి హామీ లేదు. టైల్సు దుకాణాల వాళ్లు పారేసే ప్యాలెట్ చెక్క మీద హెచ్.టి. అని ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినదని అర్థం, వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే విషవాయువు పట్టించినది, వదిలేయాలి. ముద్ర లేకపోతే అదీ వదిలేయాలి. ప్యాలెట్ ఎలాగూ మా వానలకి రెండేళ్లు ఆగదు. మెకానిక్కు షెడ్డులో తీసిన మురికి ఇంజనాయిలు కంచె గుంజలకి పూసే అలవాటు మా ఊళ్లలో బాగా ఉంది. పొలం గట్టున ఎవరిష్టం వారిది గాని, కూరమడి దగ్గర ఆ డబ్బా రానివ్వకూడదు. చెదలమందు సంగతీ అంతే.

ఇవన్నీ విన్న ఒక కుర్ర టీచరు, "అయితే అడవిలోంచి తెచ్చినదేదైనా మంచిదేగా సార్" అన్నాడు. అడవి మనది గనక అలా అనిపిస్తుంది. నల్లజీడి చెట్టు మందు ఎరగదు, రంగు ఎరగదు. దాని జీడి ఒంటికి తగిలితే ఏమవుతుందో మన పిల్లల్లో ఎవర్నడిగినా మచ్చ చూపించి చెబుతారు. ఆ కొమ్మ తెచ్చి అంచు పెడతామా? పేరు తెలియని చెట్టు కర్రని పెద్దవాళ్లకి చూపించకుండా మడిలో పెట్టకూడదు. ఈ విషయంలో మా డిప్లొమా చదువు కన్నా మేకలు కాసే తాత మాట గట్టిది.

చెక్క మన్నేది మందుతోనే కాదు, చేవతోనూ మన్నుతుంది. చేవ ఉన్న మనిషి అని ఊరికే అనలేదు. చెట్టు నడిమధ్య ముదిరిన గట్టి భాగమే చేవ. దాన్ని చెద తినకుండా కాపాడే పదార్థాలు చెట్టే అందులో నింపుకుంటుంది. చుట్టూ ఉన్న తెల్లటి భాగం ఏ చెట్టుదైనా సరే, టేకుదైనా సరే, చెద తినేస్తుంది. టేకు చేవ, ఏగిస చేవ, గుగ్గిలం చేవ మట్టిలో ఏళ్లు ఆగుతాయి. కాఫీ తోటల్లో కొమ్మలు కొట్టినప్పుడు కుప్పలుగా దొరికే సిల్వర్ ఓక్‌ని చూసి ఆశపడతాం గాని అది మట్టి తగిలితే మెత్తబడిపోతుంది. సరుగుడు కూడా అంతే. వెదురు ఉంది. వానల తర్వాత ముదురు బొంగు కొట్టి, పారే నీళ్లలో కొన్ని వారాలు నానేస్తే అందులో పిండి పదార్థం పోయి పురుగు తక్కువ పడుతుంది. అయినా మట్టిలో రెండు మూడేళ్లు. దానికి కొందరు బోరాక్సు, బోరిక్ యాసిడ్ పట్టిస్తారు. అది అంత విషం కాదు గాని వానకి కడిగేసుకుపోతుంది, మట్టిలో ఎక్కువైతే మొక్కకి చెరుపు. ఇంట్లో మంచానికి పనికొస్తుంది, మడికి కాదు. మా మట్టుకు మేము వెదురుని ఏ మందూ లేకుండా పెట్టి, పుచ్చినప్పుడు మార్చుకోవడమే మేలంటాం. పుచ్చినది ఎరువు గోతిలోకి పోతుంది, భయం లేదు.

అలాగని మడి అంచు కోసం అడవిలో నిలబడ్డ ఏగిసని కొట్టమని చెప్పడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు మన చిన్నతరహా అటవీ ఫలసాయంలో ఉంది, కలప లేదు. చట్టం మాట పక్కన పెట్టినా, నాలుగు తోటకూర మడులకి ఒక ముదురు చెట్టు ఎక్కువ ధర.

మరి చేవ కర్ర ఎక్కడిది? మా ఊరికి సిమెంటు ఇళ్లు వచ్చినప్పుడు పాత గడ్డి ఇళ్లు విప్పేశారు. నిట్రాళ్లు, దూలాలు, వాసాలు ఇళ్ల వెనక పడి ఉన్నాయి. కొన్ని కట్టెలైపోయాయి. మిగిలినవాటిని బడికి అడిగాం. పదకొండు ఇళ్ల వాళ్లు ఇచ్చారు. ప్రతి కర్రకీ ఒక చరిత్ర వచ్చింది. ఇది గుగ్గిలం, మా తాత కొట్టాడు, ఫలానా గెడ్డ అవతల. ఇది ఏగిస, నలభై ఏళ్లు వాన చూడలేదు. వీటికి రంగు లేదు, మందు లేదు. పొయ్యి పైన ఉన్న వాసాలకి మసి మాత్రం గట్టిగా పట్టింది. ఆ మసిలోనూ తారులో ఉండేలాంటి పదార్థాలే ఉంటాయి గనక పై పొర కత్తితో గీకించాం, గీకిన పొట్టు మడికి దూరంగా పూడ్పించాం. గీకింది పెద్దవాళ్లే, ముక్కుకి గుడ్డ కట్టుకుని. తెల్ల భాగం మిగిలిన చోట చెక్కేయించి చేవ వరకు తీసుకొచ్చాం. మట్టిలో దిగే మొనల్ని పెద్దల పద్ధతిలో నిప్పుల మీద కాల్చి పాతాం. పగులు ఉంటే చెద దూరుతుంది, కాలిస్తే అంతా ఆగిపోదు, కానీ అందులో విషం లేదు.

పక్క మండలంలో ఒక బడికి పచ్చ చెక్క ముందే వచ్చి పడింది, పాతేశారు కూడా. పీకితే పైవాళ్లు అడుగుతారని అక్కడి టీచరుకి దిగులు. పీకడం కుదరకపోతే చెక్కకీ మట్టికీ మధ్య మందపాటి ప్లాస్టిక్ పట్టా దింపమన్నాం. ఆ మడుల్లో కూర వేయకుండా బంతి, కనకాంబరం వేయమన్నాం. పిల్లలు దాని మీద కూర్చోకుండా చూసి, మడిలో పని చేశాక చేతులు కడిగించమన్నాం. కోత ముక్కలు మిగిలితే వంటశాల వైపు పోనివ్వొద్దని రెండుసార్లు చెప్పాం. బంతి వేశారు, బాగానే పూసింది.

మా మడులకి ఇది మూడో వానాకాలం. గెడ్డ వైపు రెండు కర్రలు మెత్తబడ్డాయి. పొడిచి చూస్తే చేవ అనుకున్నది సగం తెల్ల భాగమే. వేసవి సెలవులకి ముందు వాటిని మార్చాలి. ఇంకో ఇంటి నిట్రాడు ఉందని ఏడో తరగతి పిల్ల చెప్పింది, వాళ్ల నాన్నమ్మని అడగాలి.