కాంటా మీద సీతాఫలం

లెస్టర్‌లో మా అమ్మాయిని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి షాద్‌నగర్‌కు ఫోన్ చేసి, "షుగర్ 28 ఉందటమ్మా" అన్నాను. "ఇరవై ఎనిమిదేనా? నాకే నూట ఎనభై ఉంటది. గంత భయమెందుకు బిడ్డా" అంది అమ్మ. బ్రిటన్ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుందని మర్నాడు నర్సు చెప్పింది. 504.

పదమూడేళ్ల పిల్ల. నెల రోజులుగా నీళ్లు తెగ తాగుతోంది, రాత్రి మూడుసార్లు బాత్రూంకు లేస్తోంది, చిక్కిపోయింది. ఎదిగే వయసు కదా అనుకున్నాం. టైప్ 1 డయాబెటిస్ మిఠాయిలు తిన్నందుకు వచ్చేది కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. ఇది నాకు అర్థమవడానికే వారం పట్టింది.

డాక్టరు మూడు నెలలకోసారి కనిపిస్తారు. మమ్మల్ని నడిపించింది మాత్రం పిల్లల డయాబెటిస్ నర్సు. మొదటి రోజే మందు లేని సూది నా చేతికిచ్చి నన్నే పొడుచుకోమంది. బడికి వెళ్లి టీచర్లకు నేర్పింది. పులిహోరకు ఎన్ని యూనిట్లు, జ్వరమొస్తే ఏం చేయాలి, ఇలాంటివి వందసార్లు అడిగాను, ఒక్కసారీ విసుక్కోలేదు. ఇలాంటి పిల్లల కుటుంబాలకు 24 గంటలూ సలహా అందాలని అక్కడి 2015 మార్గదర్శకాల్లోనే ఉంది. సూది వేసుకోకుండానే వేసుకున్నానని పిల్ల అబద్ధమాడిన రోజు నేను కేకలేశాను. "షుగర్ అంకె మార్కులు కాదు" అంది నర్సు. తెలుగు తల్లుల సంగతి ఆమెకెలా తెలుసో!

అక్టోబరు సెలవుల్లో ఊరికి బయల్దేరాం. పెట్టెల్లో పెడితే విమానంలో గడ్డకట్టొచ్చని ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టుకున్నాం. శంషాబాద్‌లో దిగి, బెంగళూరు రోడ్డు పట్టి ఇంటికి చేరి, డబ్బాలు ఫ్రిజ్‌లో సర్దాను. తెల్లారి చూస్తే అన్నీ ఐస్ పెట్టెలో ఉన్నాయి! "ఇంకింత సల్లగుంటదని పెట్టిన" అంది అమ్మ. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

వాడుతున్న ఇన్సులిన్ పెన్నులో రెండు రోజులకు సరిపడా మిగిలింది. మెడికల్ షాపుకు పరుగెత్తాను. ముందు ఒక సీసా ఇచ్చారు. లేబుల్ మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంది. మాది 100. మన దగ్గర సీసాల్లో 40 కూడా వస్తుందని, ఒకదాని సిరంజితో ఇంకొకటి తీస్తే డోసే మారిపోతుందని నర్సు ప్రయాణానికి ముందే కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం చూపించి పెన్నులో వేసే 100 తీసుకున్నాను. ఫొటో పంపితే, అక్కడ తెల్లవారుతుండగానే "సరైనదే" అని జవాబొచ్చింది.

ఇక సీతాఫలాలు. మా ఊరికి దక్షిణంగా ఉన్న బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. బుట్ట నిండా పళ్లు పెట్టుకుని పిల్లను వద్దంటే ఎట్లా? నర్సు పుస్తకంలో ఈ పండు లేదు. "గింజలు తీసి గుజ్జు తూచండి" అంది. అమ్మ గిన్నె పట్టుకుని ఎదురింటి కిరాణా కొట్టుకు పోయింది. గింజలన్నీ ఏరిన గుజ్జు కాంటా మీద పెడితే 120 గ్రాములు. దాదాపు 28 గ్రాముల కార్బ్స్. మా అమ్మాయి లెక్కేసి సూది వేసుకుంది. మర్నాటి నుంచి అమ్మ చేతిలో పండు పట్టుకుని చూసే బరువు చెప్పడం మొదలుపెట్టింది, పెద్దగా తప్పేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం లొంగలేదు. "చుట్టాల ముంగట సూది తియ్యకు బిడ్డా, ఆడపిల్లవు, రేపు సంబంధాలొస్తయి" అని మనవరాలిని లోపలి గదిలోకి పంపేది. సూది బాత్రూంలో దాక్కుని వేసుకునేది కాదని ఏడాదిగా నర్సు నేర్పింది. పిల్ల రెండు రోజులు లోపలికి పోయింది. మూడో రోజు విస్తరి ముందే చొక్కా అంచు ఎత్తింది. మేనత్త అన్నం కలుపుతూ ఆగి చూసింది, మళ్లీ కలుపుకుంది. అంతే జరిగింది.

అమ్మ ఇప్పటికీ పక్కింటివాళ్లకు చెప్పలేదు. నేను చెబుతున్నాను. మీ ఇంట్లో పిల్లలు ఉన్నట్టుండి నీళ్లు తెగ తాగుతూ, మాటిమాటికీ ఒంటికి పోతూ, చిక్కిపోతూ, నీరసపడుతుంటే ఎదిగే వయసని ఊరుకోకండి. ఆ రోజే వేలి చివర ఒక్క చుక్క రక్తం పరీక్ష చేయించండి.