పచ్చికాయలు పసుపుగా కనిపించిన రోజులు

నూజివీడు తోటల్లోనే జీవితం గడిపిన మా అబ్బాజాన్, మామిడికాయను చూడగానే అది ఎన్నాళ్లకు పక్వానికి వస్తుందో చెప్పేవారు. అటువంటి ఆయన 2023 రమజాన్ చివరి రోజుల్లో, ఏప్రిల్ ఎండల నడుమ, చెట్టుమీది పచ్చి బంగినపల్లి కాయలను చూపి "అన్నీ పండిపోయాయి, కోయించండి" అన్నారు. దీపం చుట్టూ పసుపు వలయం కనబడుతోందన్నారు. ఇఫ్తార్ వేళ ఆహారం సహించలేదు. నమాజులో రకాతుల లెక్క తప్పారు. మాలో పెద్దవాణ్ణి, చనిపోయిన బాబాయి పేరుతో పిలిచారు.

మేము వార్ధక్యమనుకున్నాం. బంధువులు కొందరు దిష్టి అన్నారు. తోట లెక్కల పుస్తకం, బీరువా తాళాలు ఆయన చేతి నుండి తీసుకున్నాం. ఆయన ఎదుటనే, ఆయన అక్కడ లేనట్లుగా మాట్లాడుకున్నాం.

విజయవాడలో గుండె వైద్యులు మందుల చీటీ చూసి, "ఉపవాసాలు ఉంటున్నారా?" అని అడిగారు. ఉంటున్నారని మాకు తెలుసు. వైద్యుణ్ణి ముందుగా సంప్రదించాలన్న ఆలోచనే మాకు రాలేదు.

గుండె వైఫల్యానికి ఆయన వాడే మాత్రల్లో డిగాక్సిన్ ఒకటి, ఒంట్లోని నీటిని తీసే ఫ్యూరోసెమైడ్ మరొకటి. డిగాక్సిన్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. ఒంట్లో నీరు తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. పొటాషియం తగ్గితే దాని ప్రభావం మరింత తీవ్రమవుతుంది. అప్పుడు వికారం, చూపులో పసుపు, మనసులో గందరగోళం కలుగుతాయి. గుండె లయ తప్పి ప్రాణాపాయమూ కలుగవచ్చు. ఈ మందుకు మూలమైన డిజిటాలిస్ మొక్క గురించి 1785లో ఆంగ్ల వైద్యుడు విలియం విథరింగ్ రాసిన గ్రంథంలోనే, వస్తువులు పచ్చగా, పసుపుగా కనిపించడం ప్రస్తావనకు వచ్చింది.

రక్తపరీక్ష అనుమానాన్ని ధ్రువపరచింది. ఆసుపత్రిలో ఉంచి ఆ మందు ఆపారు, పొటాషియం సరిచేశారు. వారం తిరగకముందే, అల్‌హమ్దులిల్లాహ్, అబ్బాజాన్ మమ్మల్ని మా పేర్లతో పిలిచారు. తాళాలు ఆయన చేతిలో పెట్టి క్షమాపణ కోరాం. ఆయన నవ్వి, "ముందు కాయలు చూపించండి" అన్నారు.

రోగులకు ఉపవాసం నుండి సడలింపు ఉందని దివ్యఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో స్పష్టంగా ఉంది. ఆ కారుణ్యాన్ని స్వీకరించడం భక్తిలో లోపం కాదు. ఇప్పుడు ఆయన ఉపవాసాలకు బదులు ఫిద్యా ఇస్తున్నారు.

ఇంట్లో పెద్దల మాట అకస్మాత్తుగా తడబడితే వయసుపై నెట్టకండి. వెంటనే మందుల చీటీతో సహా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. సొంతంగా ఏ మందూ ఆపకండి. అల్లాహ్ మన పెద్దలందరికీ స్వస్థత ప్రసాదించుగాక, ఆమీన్.