అంగట్లో దాచిన తుపాకి

బ్యాంకులో లాకరు తీసుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. అద్దె ఎంత, నామినీ పేరు రాయాలా, తాళంచెవి పోతే ఎట్లా అని. కానీ నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ముగ్గురు మాత్రం గొంతు తగ్గించి వేరే ప్రశ్న అడిగినారు. "సార్, మా నాయన తుపాకి ఒకటుంది. పెద్ద లాకరయితే అందులో పడుతుందా?"

పట్టినా పెట్టకూడదు. చట్టవిరుద్ధమైనవి, ప్రమాదకరమైనవి లాకర్లో ఉంచరాదనే షరతు ఒప్పందంలో ఉండాలని రిజర్వు బ్యాంకు 2021లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా చెప్పింది. అంతకుముందు కూడా ఏ మేనేజరూ ఒప్పుకునేవాడు కాదు. మరి లైసెన్సుదారు చనిపోయిన ఇంట్లో, లేదా లైసెన్సు రద్దయిన ఇంట్లో ఆ తుపాకి ఎక్కడుండాలి? దీనికి జవాబు చాలామంది చదువుకున్నవాళ్ళకు కూడా తెలియదు. మా ఇంట్లో అవసరం పడేదాకా నేనూ పట్టించుకున్నది లేదు.

1959 ఆయుధాల చట్టంలో 21వ సెక్షను అని ఒకటుంది. లైసెన్సు గడువు తీరినా, సస్పెండయినా, రద్దయినా, మరే కారణం వల్లనయినా సరే, ఆయుధం దగ్గరుంచుకోవడం చట్టసమ్మతం కాకుండా పోయిన మరుక్షణం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న తుపాకుల వ్యాపారి దగ్గరో జమ చేయాలి. సైన్యంలో ఉన్నవాళ్ళయితే యూనిట్ ఆయుధాగారంలో పెట్టవచ్చు. చేయకపోతే జైలు శిక్ష పడే నేరం. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. జమ చేసినంత మాత్రాన వస్తువు పరాయిది అయిపోదు. సొత్తు మనదే, స్వాధీనమే మనది కాదు. ఈ తేడా పుస్తకంలో చదివితే ఒక వాక్యం. మా పెద్దనాయన కొడుకుల విషయంలో అది ఒక సంవత్సరం నడిచింది.

మాది హోసూరు తాలూకాలో అడివి అంచున ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో అరవం. రాగి, నెలగడలై (అదే మన వేరుశనగ) పంట చేతికొచ్చే వేళకు అడివిపందులు, చలికాలంలో ఏనుగులు. పెద్దనాయనకు పంట కాపలా కోసమని లైసెన్సున్న ఒంటి గొట్టం పన్నెండు బోరు తుపాకి ఉండేది. ఆకాశంలోకి ఒక దెబ్బ కొడితే పందులు పారిపోయేవి. ఆయన దాన్ని జంతువు మీదకు గురిపెట్టగా నేను ఎన్నడూ చూడలేదు. మూడేళ్ళకొకసారి రెన్యువలుకు పోయే రోజు మాత్రం ఉతికిన పంచ కట్టి, పెండ్లికి పోయినట్టు పోయేవాడు.

ఆయనకు ఇద్దరు కొడుకులు. ఉమ్మడి బావి మోటారు వంతు దగ్గర మొదలైన మాట గట్టు దాకా, గట్టు నుంచి కట్టెల దాకా పోయింది. 2011 ఫిబ్రవరిలో ఇద్దరినీ పిలిపించి, ఒక సంవత్సరం శాంతిభంగం చేయమని బాండు రాయించుకున్నారు. మా పల్లెల్లో దీన్ని 'నూటేడు కేసు' అంటారు, పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 107వ సెక్షను కాబట్టి. 2024 జూలై నుంచి ఆ కోడు స్థానంలో కొత్త సంహిత వచ్చింది, నంబరు మారింది, బాండు మాత్రం ఉంది. జనం దృష్టిలో ఇదొక చిన్న కేసు. శిక్ష లేదు, జైలు లేదు. కానీ ఆయుధాల చట్టం 9వ సెక్షను అట్లా అనుకోదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళు, హింస లేదా నైతిక పతనం ఉన్న నేరానికి జైలు శిక్ష పడి అది ముగిసి అయిదేళ్ళు దాటనివాళ్ళు, వాళ్ళ పక్కనే బాండు గడువులో ఉన్నవాళ్ళు కూడా తుపాకి సంపాదించరాదు, ఉంచుకోరాదు, మోయరాదు.

జూన్‌లో పెద్దనాయన పోయినాడు. పదకొండో నాడు భోజనాలయినాక తుపాకి మాట లేచింది. పెద్దోడికి చెందాలని పెద్దన్న, ఉమ్మడి సొమ్ముతో కొన్నదని చిన్నన్న. తుపాకి గోడకే ఉంది. పక్కన డబ్బాలో ఏడు తూటాలున్నాయి. బాండులో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ మధ్య ఆ గోడ. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు, నా వైపు చూసింది. మా ఇండ్లలో బ్యాంకులో పనిచేసేవాడంటే ఫారాలు తెలిసినవాడని అర్థం.

నేను దాన్ని తీసి కారులో వేసుకుపోవడానికి కూడా లేదు. లైసెన్సుదారు బతికుంటే, ఆయన రాసిచ్చిన కాగితంతో రిపేరుకో రెన్యువలుకో ఇంకొకరు మోసుకుపోవచ్చు. చనిపోయినవాళ్ళు కాగితం రాసివ్వరు గదా. కాబట్టి ముందు స్టేషనుకు పోయి, మరణం సంగతి, తుపాకి నంబరు, తూటాల లెక్క రాసి పెద్దమ్మ చేత సంతకం పెట్టించి ఇచ్చినాము. అక్కడి అధికారి మంచి మాటే చెప్పినాడు. "ఇక్కడ పెడితే గదిలో మూల నిలబడి తుప్పు పడుతుందమ్మా. డీలరు దగ్గర పెట్టుకోండి" అని, పుస్తకంలో రాసి, ఒక కానిస్టేబులును తోడిచ్చి పంపినాడు.

ఆ అంగడి రెండు గంటల బస్సు దూరంలోని పట్నంలో, బట్టల అంగళ్ళ మధ్య ఒక ఇరుకు మెట్ల పైన ఉండేది. యజమాని డెబ్బై దాటిన మనిషి. తుపాకి చేతికందగానే ఆయన చేసిన మొదటి పని గొట్టం మడిచి తెరిచి, కన్ను పెట్టి చూసి, వేలు పెట్టి చూడడం. ఖాళీ అని నోటితో చెప్తే నమ్మే వృత్తి కాదది. తరువాత గొట్టం మీది నంబరు, లైసెన్సు పుస్తకంలో నంబరు, స్టేషను కాగితంలో నంబరు, మూడూ పక్కపక్కన పెట్టి చదివినాడు. తయారీ, బోరు, కట్టె మీది పగులు కూడా రిజిస్టరులో రాసుకున్నాడు. తూటాలను వేరే లెక్కలో, వేరే చోట పెట్టినాడు. రసీదు పెద్దమ్మ పేరున ఇస్తూ, వారసులు ఎవరెవరో పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. "ఇంటి గొడవలేమైనా ఉన్నాయా?" అని మామూలుగా అడిగినట్టే అడిగినాడు. బాండు సంగతి చెప్పినాను. ఆ రెండు పేర్ల పక్కన పెన్సిలుతో ఏదో గుర్తు పెట్టుకున్నాడు.

వెనక ఇనుప తలుపు గదిలో నూనె వాసన. వరసగా నిలబెట్టిన తుపాకులకు అట్ట చీటీలు కట్టున్నాయి. అమ్మకానివి ఒక పక్క, దాపునవి ఇంకో పక్క. దాపునవాటిలో విదేశాలకు పోయినవాళ్ళవి, రెన్యువలు ఆలస్యమైనవాళ్ళవి, కేసు నడుస్తున్నవాళ్ళవి, చనిపోయినవాళ్ళవి అన్నీ ఉన్నాయట. అమ్మకం లైసెన్సున్న ప్రతి అంగడికీ దాచే అనుమతి ఉండదనీ, దానికి విడిగా అనుమతి కావాలనీ, పోలీసులు వచ్చి రిజిస్టరుకూ గదికీ సరిచూస్తారనీ ఆయనే చెప్పినాడు.

నాకు బి.కాం.లో చదివిన 'బైల్‌మెంట్' గుర్తొచ్చింది. 1872 కాంట్రాక్టు చట్టం 148వ సెక్షను: ఒక పని కోసం వస్తువు అప్పగిస్తాం, పని తీరినాక తిరిగివ్వాలి. చాకలికి బట్టలు, కంసాలికి గొలుసు, బ్యాంకుకు సేఫ్ కస్టడీ కవరు, అన్నీ ఇదే. మా బ్రాంచి తుపాకి కూడా కొంచెం ఇట్లాంటిదే. సొత్తు బ్యాంకుది, పట్టుకునేది లైసెన్సులో పేరున్న గార్డు. ఆ మనిషి సెలవు పెడితే మేనేజరునైన నేను కూడా దాన్ని ముట్టకూడదు. కానీ తుపాకుల వ్యాపారి కష్టం మిగతావాళ్ళకు లేదు. చాకలి రసీదు చూసి బట్టలిస్తాడు. ఈయన మాత్రం రసీదున్న సొంతదారుకు కూడా, లైసెన్సు లేకపోతే ఇవ్వకూడదు. ఇస్తే సొంతదారుతో పాటు తానూ నేరస్తుడవుతాడు.

అది మాటల్లోనే మిగల్లేదు. నవంబరులో రాగి కంకి మీదున్నప్పుడు పందులు ఒక రాత్రిలో అరెకరా పడగొట్టినాయి. పెద్దన్న పెద్దమ్మ పెట్టెలోంచి రసీదు తీసుకుని, ఒక్కడే బస్సెక్కి ఆ అంగడికి పోయినాడు. ఒక్క వారం ఇవ్వమన్నాడు. డబ్బు చూపించినాడు. ఆయన కాఫీ తెప్పించి కూర్చోబెట్టి, రిజిస్టరులో తుపాకి పేరు చూపించినాడట, తుపాకిని చూపించలేదట. "నీ నాయనది భద్రంగా ఉంది నాయనా. నీ బాండు తీరాలి, నీ పేరున లైసెన్సు రావాలి. రెండూ ఉన్న రోజు నేనే నూనె తుడిచి ఇస్తాను" అన్నాడట. పెద్దన్న మెట్లు దిగకముందే నాకు ఫోను వచ్చింది.

ఆ వారంలోనే మోటారు ఫ్యూజు పీకినారని మళ్ళీ ఇద్దరూ బావి దగ్గర కలబడినారు. పెద్దన్నకు తల మీద మూడు కుట్లు, చిన్నన్నకు చెయ్యి విరిగింది. ఆసుపత్రి వరండాలో పెద్దమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "అది ఆ అంగట్లోనే ఉంది గదా?" ఉందని చెప్పినాను.

ఇట్లా జమ అయినవాటికి చట్టం మూడు దారులు చూపించింది. అర్హత వస్తే తిరిగి తీసుకోవచ్చు. అర్హతున్న ఇంకొకరికి అమ్మించి డబ్బు తీసుకోవచ్చు. నిర్ణీత గడువు లోపల రెండూ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వానికి చెందుతుంది. అయితే ముందు నోటీసిచ్చి, జవాబుకు ముప్పై రోజులు ఇవ్వాలి. లైసెన్సు సస్పెన్షనులో మాత్రమే ఉంటే ఆ కాలంలో జప్తు చేయడానికి లేదు. చట్టం చేసినవాళ్ళు సొత్తు హక్కును ఎంత జాగ్రత్తగా కాపాడినారో చూస్తే, నాలాంటి లెక్కల మనిషికి ముచ్చటేస్తుంది. కోర్టు జప్తు చేయమన్నవాటికి మాత్రం ఈ దారులు లేవు.

2012లో బాండు గడువు తీరింది. పెద్దన్న లైసెన్సుకు దరఖాస్తు పెడతానన్నాడు, మిగతా వారసుల సమ్మతి కావాలన్నారు, చిన్నన్న ఇవ్వనన్నాడు. చివరికి పెద్దమ్మే అమ్మేయమంది. అమ్మడానికి ముగ్గురి సంతకాలు. ఆ కాగితం నేనే టైపు చేయించి, ఒక్కొక్కరి దగ్గరికి వేర్వేరుగా తీసుకుపోయినాను. అంగడాయన లైసెన్సున్న ఒక కాఫీ తోట యజమానికి అమ్మించి, దాపు ఖర్చు మినహాయించుకుని తొమ్మిది వేల చిల్లర పంపినాడు. ఆస్తిగా చూస్తే అంతే దాని విలువ. పెద్దన్నకు నా మీద ఆ కోపం ఇంకా ఉంది, దాచుకోడు. "నువ్వు స్టేషనుకు పోకుంటే నాయన తుపాకి ఇంట్లోనే ఉండేది" అంటాడు. ఉండేది, నిజమే.

ఈ తరువాత కొన్ని మారినాయి, మన పాఠకుల ఇండ్లలో పాత తుపాకులున్నవాళ్ళు గమనించాలి. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకి తీసుకుని ఇరవై అయిదేళ్ళయినా, బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు సూచించి, ఆ మనిషికి అర్హత ఉంటే వాళ్ళ పేరున లైసెన్సు అడగవచ్చు. పెద్దనాయన కాలంలోనే ఇది ఉండి ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులనేది రెండయింది. మూడోది ఏడాదిలోగా స్టేషనుకో డీలరుకో అప్పజెప్పమన్నారు. ఏ నేరమూ చేయని పాత కుటుంబాలు కూడా ఆ ఏడాది అంగళ్ళ మెట్లెక్కినాయి. ఎన్నికలప్పుడు జమ చేయమనడం వేరే సంగతి. దానికి స్క్రీనింగు కమిటీ ఉంటుంది, ఫలితాల తరువాత తిరిగిస్తారు. కొడగు మిత్రుల మాట కూడా వేరు. కొడవలకు, జమ్మా భూములవాళ్ళకు లైసెన్సు మినహాయింపు బ్రిటిషు కాలం నుంచి ఉంది, 2029 అక్టోబరు దాకా పొడిగించినారు. వాళ్ళను చూసి మనమూ అట్లా ఉంచుకోవచ్చనుకోకండి.

మొన్న మన సంఘంలోనే ఒక పెద్దాయన పోయినారు. ఆ ఇంట్లో మగపిల్లలు లేరు, కూతురు తనకొద్దంది, మిగిలింది మనవడు. వాడికి పంతొమ్మిది. చదువులో బుద్ధిమంతుడు, ఏ కేసూ లేదు, అయినా ఇరవై ఒకటి నిండేదాకా చట్టం దృష్టిలో వాడూ నిషిద్ధుల వరుసలోనే. తుపాకి డీలరు దగ్గర ఉంది, రసీదు అమ్మమ్మ దగ్గర ఉంది. గడువు సంగతి కనుక్కుని ముందుగానే దరఖాస్తు పెట్టమని కాగితాలు రాసిచ్చినాను. ఇరవై ఒకటి నిండినాక వాడికది కావాలో వద్దో మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.