మబ్బుల మీది కూజా

పూల కోసం మొక్కలు పెంచేవాళ్లున్నారు. కాయల కోసం పెంచేవాళ్లున్నారు. ఆకులో చీమ జారిపడితే చూసి మురిసిపోయేందుకు పెంచేవాళ్లూ ఉన్నారు! పైగా ఆ మొక్క కోసం వాళ్లు వాననీళ్లు పట్టి దాస్తారు, రాత్రిళ్లు నిద్ర మానుకుంటారు, ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు. సన్ పిచర్ మొక్కల పిచ్చి అలాంటిది మరి.

అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ గాఢనిద్రలో ఉన్నారు. ఒక్కరు మాత్రం చప్పుడు చేయకుండా లేచి, పక్కగదిలోకెళ్లి థర్మామీటర్ చూస్తారు. 14 డిగ్రీలు. హమ్మయ్య... అనుకుని మళ్లీ వచ్చి పడుకుంటారు. పసిబిడ్డకు జ్వరమేమో అనుకుంటున్నారా? కాదు. ఆ గదిలో ఉన్నది ఓ గాజుపెట్టె. అందులో పచ్చటి నాచు మీద జానెడు ఎత్తు కూడా లేని ఓ మొక్క. గదిలో వేడి పెరిగిందా, అది అలిగినట్టే. అమెరికాలో, ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఈ మొక్కను పెంచే ఇళ్లలో ఇది మామూలే. బంధువులు నవ్వుతారు. 'పురుగుల్ని తినే మొక్కకు ఏసీయా' అని ఎగతాళి చేస్తారు. పెంచేవాళ్లు మాత్రం పట్టించుకోరు.

పేరులో సూర్యుడు లేడు!

ఇంతకీ ఏమిటా మొక్క? శాస్త్రీయ నామం హీలియాంఫోరా. దక్షిణ అమెరికాలో వెనెజువెలా, గయానా, బ్రెజిల్ కలిసేచోట బల్లపరుపు కొండలుంటాయి. చుట్టూ నిట్టనిలువు గోడలు, పైన చదునైన మైదానం. ఆకాశంలో బల్ల వేసినట్టు ఉంటాయి. అక్కడి పెమోన్ గిరిజనులు వాటిని తెపుయిలు అంటారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఏంజెల్ జలపాతం దూకేది అలాంటి ఓ కొండ మీది నుంచే. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ 1912లో రాసిన 'ది లాస్ట్ వరల్డ్' నవలకు స్ఫూర్తి కూడా ఈ కొండలే. ఆయన వాటి మీద రాక్షసబల్లుల్ని ఊహించాడు. నిజంగా ఉన్నవి మాత్రం చీమల్ని మింగే చిన్న చిన్న కూజాలు.

రొరైమా కొండ దగ్గర షోంబర్గ్ సేకరించిన నమూనాలను చూసి 1840లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త జార్జ్ బెంథమ్ దీనికి పేరు పెట్టాడు. గ్రీకులో హెలోస్ అంటే చిత్తడి నేల. ఆంఫోరా అంటే కూజా. అంటే 'చిత్తడి కూజా' అన్నమాట. కానీ జనం దాన్ని సూర్యుడనే అర్థమొచ్చే హీలియోస్ అనుకున్నారు. అలా సన్ పిచర్ అయికూర్చుంది. తప్పే అయినా తగిన పేరే కుదిరింది. వెలుగు బాగా తగిలితే తప్ప ఈ కూజాలకు ఆ ఎర్రటి రంగు రాదు మరి.

అప్పట్లో ఆ కొండలెక్కడమంటే మాటలు కాదు. అందుకే చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని జాతులే తెలిశాయి. హెలికాప్టర్లలో కొండలపై దిగడం మొదలయ్యాక ఒక్కోటీ బయటపడ్డాయి. ఇప్పుడు దాదాపు రెండు డజన్లున్నాయి. కొన్నయితే ఒకటి రెండు కొండల మీద తప్ప మరెక్కడా కనిపించవు.

ఆకే బావి... ఆకే ఉచ్చు

కొండల మీద నేల అంటూ పెద్దగా ఉండదు. 150 కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుకరాయి, దాని మీద ఎడతెగని వాన. ఉన్న కాస్త సారమూ కొట్టుకుపోతుంది. తిండి దొరకని చోట పుట్టిన మొక్క ఏం చేస్తుంది? నేలలో లేనిదాన్ని గాలిలో ఎగిరేవాటి నుంచీ, నేల మీద పాకేవాటి నుంచీ లాక్కుంటుంది.

పొట్లం చుట్టినట్టు ఆకు తనను తాను చుట్టుకుంటుంది. ముందువైపు కుట్టు వేసినట్టు ఓ గీత కనిపిస్తుంది. పైన చిన్న చెంచాలాంటి మూత. తేనె ఊరేది ఆ చెంచాలోనే. దానికి ఆశపడి వచ్చిన చీమ కాస్త లోపలికి దిగుతుంది. అక్కడ కిందికి వంగిన నూగు ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఫరవాలేదు. తడిసిందా, నూగు మీద పల్చటి నీటిపొర పరుచుకుంటుంది. వానాకాలం నాచుపట్టిన మెట్ల మీద కాలు జారినట్టు చీమ సర్రున జారిపోతుంది. ఈ సంగతిని శాస్త్రవేత్తలు 2013లో ప్రయోగం చేసి మరీ నిరూపించారు.

మరి రోజూ వాన కురిస్తే కూజా నిండి, చీమలు తేలి బయటపడవా? దానికీ ఏర్పాటుంది. నడుం దగ్గర చిన్న చీలికో రంధ్రమో ఉంటుంది. ఎక్కువైన నీళ్లు అందులోంచి జారిపోతాయి. మన చెరువులకు అలుగు ఉన్నట్టే! ఇంకో విశేషం... చాలా జాతులకు సొంతంగా జీర్ణరసాలు తయారుచేసుకోవడం చేతకాదు. నీళ్లలోని సూక్ష్మజీవులు పురుగును కుళ్లబెడితే, ఆ సారాన్ని మొక్క పీల్చుకుంటుంది. వంటవాడు వేరు, తినేవాడు వేరన్నమాట.

కొండను ఇంట్లో కట్టాలి

చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా పెంచడం మాత్రం తేలిక కాదు. పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రికి 15 లోపు. గాలిలో ఎప్పుడూ తేమ. కొండ మీది మబ్బును గాజుపెట్టెలో బంధించాలి. కుండీలో మట్టి ఉండదు. స్ఫాగ్నం అనే నాచు, పీట్, పెర్లైట్ కలిపి వేస్తారు. కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు పేరుకుని వేర్లు చచ్చిపోతాయి. అందుకే వాననీళ్లు కానీ ఆర్వో నీళ్లు కానీ పోయాలి. ఇంటిల్లిపాదీ కుళాయి నీళ్లు తాగుతుంటే మొక్కకు మాత్రం మీటర్‌తో కొలిచిన నీళ్లు! ఎరువు సంగతి సరేసరి. నాలుగు ఆకులు ఎక్కువ వస్తాయని వేస్తే ఉన్నవీ పోతాయి.

అన్నిటికన్నా విచిత్రం ఇంకోటుంది. పురుగుల్ని తినే ఈ మొక్కకు పురుగులే శత్రువులు. పేనుబంక లేత ఆకుల్ని పట్టేస్తుంది. పిండినల్లి మొదట్లో చేరి గుట్టుచప్పుడు కాకుండా ప్రాణం తీస్తుంది. కూజా నోట్లో పడితే తిండి. నోటికి అందకుండా వీపు మీద కూర్చుంటే ఏం చేయగలదు పాపం? అందుకే పెంచేవాళ్లు భూతద్దం పట్టుకుని ఆకు మడతలన్నీ వెతుకుతుంటారు.

ఇంత చాకిరీకీ ఫలితం ఏమిటంటే... ఒక్క కొత్త ఆకు. మొదట మొదలు మధ్యలోంచి సన్నటి మొన బయటికొస్తుంది. రోజుకింత పొడుగవుతుంది. లోపల గాలి నిండినట్టు ఉబ్బుతుంది. ఓ ఉదయం చూసేసరికి నోరు తెరిచి, పైన చెంచా విప్పుకుని నిలబడి ఉంటుంది. ఆ రోజు ఇంట్లో కాఫీ చల్లారిపోవాల్సిందే.

తుమ్మెద పాట... శృతిదండం

గింజ నాటి పెంచుదామనుకునేవాళ్లకు ఇంకా ఓపిక కావాలి. మొలకెత్తిన తొలి కూజాలు గుండుసూది తలంత ఉంటాయి. పెద్దమొక్క అనిపించుకోవడానికి ఐదారేళ్లు పట్టొచ్చు. బడిలో చేరిన పిల్ల హైస్కూలుకు వెళ్లేదాకా ఆగాలి!

ఆ గింజ దక్కడమూ అంత తేలిక కాదు. తెల్లగా వచ్చి గులాబీరంగుకు తిరిగే ఆ పూలు తలవంచుకుని వేలాడుతుంటాయి. పువ్వు విచ్చగానే కీలాగ్రం పుప్పొడి కోసం సిద్ధంగా ఉంటుంది. కానీ ఆ పువ్వులో పుప్పొడి తయారయ్యేసరికి ఆ ముహూర్తం దాటిపోతుంది. తన పుప్పొడి తనకు పనికిరాదన్నమాట. మరో పువ్వుది కావాలి. అదీ ముట్టుకోగానే రాలదు. తుమ్మెద వాలి రెక్కల కండరాలతో ఝుమ్మని కంపిస్తేనే రాలుతుంది. ఇంట్లో తుమ్మెద ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పెంపకందారులు ఫిజిక్స్ ల్యాబ్‌లో మనమంతా చూసిన శృతిదండాన్ని తెచ్చారు. దాన్ని మోగించి పువ్వుకు ఆనిస్తే, పుప్పొడి పొడిపొడిగా రాలుతుంది. దాన్ని కాగితం మడతలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తారు. తమ దగ్గర రెండో పువ్వు లేకపోతే ఎవరి దగ్గరుందో కనుక్కుని పోస్టులో పంపుతారు. ముఖం కూడా చూసుకోని ఇద్దరి మధ్య చుట్టరికం కలిపేది ఆ చిటికెడు పసుప్పచ్చ పొడే.

ఇష్టమే ముప్పయితే...

ఈ ఇష్టానికి ఓ చీకటికోణం కూడా ఉంది. అరుదైనది అనగానే కొందరికి అడవి మీద కన్నుపడుతుంది. ఒకే కొండ మీద బతికే మొక్కను నాలుగు బుట్టలు పెరుక్కొస్తే మిగిలేదేముంది? ఏంజెల్ జలపాతం ఉన్న కనైమా ప్రాంతాన్ని వెనెజువెలా 1962లోనే జాతీయ పార్కుగా ప్రకటించింది. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. కాపలా కన్నా గట్టి మందు మాత్రం నర్సరీల్లోనే దొరికింది. టిష్యూకల్చర్‌తో ఒక్క మొక్క నుంచి వందలు తయారవుతుంటే కొండెక్కి దొంగిలించాల్సిన పనేముంది? అందుకే నిజమైన అభిమానులు మొక్క కొనేముందు 'ఎక్కడ పెంచారు' అని అడిగి మరీ తీసుకుంటారు.

ఎండకు మాత్రం ఇంత తేలికైన మందు లేదు. 2022 జులై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. అక్కడ 40 దాటడం అదే తొలిసారి. మన విజయవాడకు అది మామూలు మే నెల. చలిదేశపు గాజు ఇంట్లో ఉన్న కొండమొక్కకు అది గండం. అలాంటి రోజుల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు కుండీల మధ్య పెట్టడం, మొక్కల్ని నేలమాళిగకు మోయడం తప్ప దారి ఉండదు. ఏళ్ల శ్రమ మొత్తం ఒక్క మధ్యాహ్నంలో వాడిపోవచ్చు.

ఇంట్లో అయితే ఐసు సీసా పెట్టడానికి ఓ మనిషైనా ఉంటాడు. కొండ మీద ఎవరు పెడతారు? వాతావరణం వేడెక్కితే పల్లపు మొక్కలు చల్లదనం వెతుక్కుంటూ కాస్త పైకి పాకుతాయి. తెపుయి నెత్తి మీద ఉన్న మొక్క ఇంకెక్కడికి ఎక్కుతుంది? పైన ఉన్నది ఆకాశమే. ఆ కొండలపై పనిచేసిన శాస్త్రవేత్తలు 2006 నుంచీ ఈ మాటే చెబుతున్నారు.

కీటకాహారి మొక్క అనగానే మనకు సైన్స్ పుస్తకంలోని నెపెంథిస్ బొమ్మ గుర్తొస్తుంది. మేఘాలయ కొండల్లోని ఆ కూజామొక్కదీ ఇంచుమించు ఇదే కథ. దానికీ అడవి తరుగుతోంది, దానికీ మనిషి చేయి తగులుతోంది. కూజా ఏ దేశానిదైనా కష్టం ఒకటే.

అందుకే అర్ధరాత్రి లేచి థర్మామీటర్ చూసేవాళ్లను చూసి నవ్వడం అంత సబబు కాదేమో. వాళ్లు కాపలా కాస్తున్నది జానెడు మొక్కకే కావచ్చు. కానీ ఓ కొండంత చల్లదనం ఎంత విలువైనదో, దాన్ని నిలబెట్టడానికి ఎంత కష్టపడాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? థర్మామీటర్‌లో ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, వాళ్లకు ఇక నిద్ర పట్టదు!