భాగమతి సమాధి కోసం

మొగుళ్లపల్లి నుండి పరకాల, హనుమకొండల మీదుగా హైదరాబాదుకు బయలుదేరినప్పుడు మా వెంట ఒక బంతిపూల బుట్ట ఉంది. ఉర్దూ శాఖవారమూ తెలుగు శాఖవారమూ కలిసి తొమ్మిదిమందిమి. కుతుబ్‌షాహీ సమాధులను చూపాలన్నది మా అధ్యాపకుల సంకల్పం. భాగమతి సమాధిపై పూలుంచాలన్నది మా కోరిక. ఆ పేరు మాకు పాఠ్యగ్రంథాలు నేర్పినది కాదు. ప్రియురాలి కోసం ఉప్పొంగిన మూసీలోకి గుర్రాన్ని దూకించిన రాజకుమారుని కథను మా నానమ్మలే ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పారు. కుమారుని ప్రాణం కోసం తండ్రి పురానాపూల్ కట్టించాడన్నది ఆ కథకు ముగింపు.

అధ్యాపకులు బస్సులోనే మా ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. వంతెన కట్టినది 1578లో. మహమ్మద్ కులీ 1580లో సింహాసనం ఎక్కేనాటికే పదిహేనేండ్లు మించనివాడు. మరి వంతెన నాటికి ఎంతవాడు? మేము వ్రేళ్లు లెక్కించి మౌనం వహించాము.

1591లో భాగ్యనగరాన్ని నిర్మించిన ఆ ప్రభువు దక్కనీ భాషలో దివాను కూర్చిన మహాకవి. డాక్టర్ జోర్ 1940లో ప్రచురించిన ఆయన కావ్యసంపుటిలో నన్హీ, గోరీ, ఛబీలీ, ముష్తరీ మొదలైన ప్రియురాండ్రు కనిపిస్తారు. ముష్తరీయే భాగమతి అని తలచినవారున్నారు. ఆయన బ్రతికియుండగానే ఫైజీ తన లేఖలోనూ, ఫెరిష్తా తన చరిత్రలోనూ ఆమె పేరు వ్రాశారు. అయినా ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను విశ్వసించలేదు.

1612లో కన్నుమూసిన ఆ కవిప్రభువు సమాధి ఎత్తైన వేదికపై నల్లరాతి స్తంభాలతో గంభీరంగా నిలిచి ఉంది. ఆయన మనుమడు అబ్దుల్లా కొలువులోని తారామతికీ, ప్రేమామతికీ కూడా అక్కడ సమాధులున్నాయి. భాగమతిది ఎక్కడ అని అడిగితే కావలి వృద్ధుడు నవ్వాడు. "లేదు బేటా, అందరూ అడుగుతరు" అన్నాడు.

"చూశారా! నర్తకీమణులకే సమాధులున్న చోట నగరానికి పేరిచ్చిన ప్రియురాలికి లేకుండునా? ఆమె కల్పితమని చెప్పేవారికి ఇదీ ఒక ఆధారమే" అన్నారు అధ్యాపకులు. మా తెలుగు శాఖవారికి ఆ వాదం సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, బుట్ట మోసి తెచ్చినందుకు కొంత సిగ్గుపడ్డాము కూడా.

అప్పటిదాకా మాటాడని మా ఉర్దూ శాఖ మిత్రుడు మెల్లగా అన్నాడు: "సార్, మా అమ్మీ ఖబరు మీద రాయి లేదు, పేరు లేదు. నేను పోయినంక అది ఎక్కడున్నదో చెప్పేటోళ్లు గూడ ఉండరు. అప్పుడు మా అమ్మీ లేకుండెనంటరా?"

అధ్యాపకులు చాలాసేపు పలుకలేదు. పిమ్మట తామే బుట్టనందుకొని కొన్ని పూలు కవి సమాధి మెట్లపై ఉంచారు. మిగిలినవి మా మిత్రుడు రుమాలులో మూటకట్టుకున్నాడు.

మరునాడు సాయంకాలం అతనితో కలిసి మా ఊరి ఖబ్రస్తానుకు వెళ్లాము. ఇన్నేండ్లుగా ఒకే తరగతిలో కూర్చున్నా మాలో కొందరికి అదే మొదటిసారి. అతడు వేపచెట్టు మొదలు నుండి ఏడడుగులు లెక్కించి, ఒక మట్టిదిబ్బ వద్ద ఆగి, వాడిన పూలమూట విప్పాడు.