మేము చేసిన సంతకములు

నీతిపాఠములు మాకు కొత్తవి కావు. సత్యము పలుకవలెను, పరుల సొమ్మును మన సొమ్ముకంటె జాగ్రత్తగా చూడవలెను, అప్పగించిన పనిని నెరవేర్చవలెను అని చిన్ననాటినుండి వినుచునే యున్నాము. పరీక్షలలో ఆ విషయములపై వ్యాసములు వ్రాసి మంచి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. అయినను ఆ మాటల యర్థము మాకు నిజముగా తెలిసినది తొమ్మిదవ తరగతిలో, ఒక చెక్కపెట్టె మూత తెరచిన శనివారమునాడు. ఆ సంగతి మాకు గౌరవము తెచ్చునది కాదు. కాని మా తరువాత ఆ పెట్టెను చూచుకొనబోవు తమ్ములకును చెల్లెండ్రకును ఉపయోగపడునని తలచి, మేము నలుగురమును కలిసి దీనిని వ్రాయుచున్నాము.

మాది హోసూరు ప్రాంతము. ఇంట తెలుగు, సంతలో తమిళము, బస్సులో కన్నడము వినుచు పెరిగినవారము. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనే నిలిచెను. ఆ రాష్ట్రమునకే 1969లో తమిళనాడు అను పేరు వచ్చెను. మా పెద్దలు ఉన్న ఊరు విడువలేదు, ఇంటి భాషను విడువలేదు. కాని తెలుగు పుస్తక మొకటి కావలెనన్న మా యూరి అంగళ్ళలో దొరకదు. బెంగుళూరికో, తిరుపతికో, చెన్నపట్టణమునకో పోవువారిని బతిమాలి తెప్పించుకొనవలెను. అందువలన మా పాఠశాలలోని తెలుగు పుస్తకముల పెట్టె మాకు గ్రంథాలయముతో సమానము. అందులో అరువదికి పైగా పుస్తకము లుండెను. వానిలో ఎక్కువ భాగము ఊరివారు తమ యిండ్లనుండి తెచ్చి యిచ్చినవే.

ఆ పెట్టెను మా నలుగురికి అప్పగించిరి. ప్రతి శనివారమును పుస్తకము లన్నియు వెలికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, లెక్కించి, మరల పేర్చి, పట్టీలో సంతకము చేయవలెను. మొదటి నెల మేము ఎంతో ఉత్సాహముతో చేసితిమి. తరువాత కబడ్డీ పందెములు వచ్చెను, ఆ పిమ్మట అర్ధసంవత్సర పరీక్షలు వచ్చెను. ఒక శనివారము పెట్టె మూత మాత్రము ఎత్తి చూచి, పైవరుస బాగున్నదని సంతకము చేసితిమి. మరుసటి వారము మూతయు ఎత్తలేదు. ఆ పైవారము మాలో ఒకరు మూడు వారముల సంతకములు ఒకేసారి, ఒకే కలముతో చేసిరి. తక్కిన ముగ్గురము చూచి నవ్వితిమి. పట్టీలో మాత్రము వారము వారము ఒకే వాక్యము ముచ్చటగా కనబడుచుండెను: "పుస్తకములు సరిచూడబడినవి."

ఇట్లు తొమ్మిది శనివారములు గడచెను. ఆ సంవత్సరము కార్తికమాసమున వానలు విడువక కురిసెను. పెట్టె గోడకు ఆనించి నేలపైననే ఉండెను. గోడ చెమ్మగిల్లుచున్నదని మేము ఎరుగుదుము. ఎరిగియు పెట్టెను జరుపలేదు.

చెదపురుగులను గురించి విజ్ఞానశాస్త్రపు తరగతిలో చదివినదంతయు మాకు తరువాత జ్ఞప్తికి వచ్చెను. అవి వెలుతురును, ఆరిన గాలిని ఓర్వలేవు. చెమ్మగల నేలనుండి మట్టితో సన్నని గొట్టములు కట్టుకొని వాని చాటున ప్రాకి వచ్చును. కఱ్ఱలోను కాగితములోను ఉండు సెల్యులోసు వాని ఆహారము. పైకి చెక్కుచెదరక కనబడు వస్తువును లోలోపల తొలిచివేయుట వానికి అలవాటు. మా పెట్టె విషయమునను అదే జరిగెను. ఒక చిన్న తరగతి బాలిక కథల పుస్తకము కావలెనని అడుగగా మూత తెరచితిమి. పైవరుస చక్కగా నుండెను. క్రిందివరుసలోని పుస్తకమును పట్టుకొని ఎత్తగా అట్ట చేతికి వచ్చెను, పుటలు మట్టియై రాలెను. పదునాలుగు పుస్తకములు చెడెను. వానిలో ఐదు ఎందుకును పనికిరాకుండ పోయెను.

చెడినవానిలో ఒకటి నీతిచంద్రిక. పరవస్తు చిన్నయసూరి చెన్నపట్టణములో తెలుగు పండితుడుగా ఉండి, మిత్రలాభ మిత్రభేదములను తెలుగు వచనమున రచించి, 1853లో ప్రకటించిన గ్రంథమది. మా పెట్టెలోని ప్రతి చాల పాతది. మా యూరి అవ్వ యొకామె దానిని ఇచ్చెను. ఆమె భర్త ఈ ప్రాంతముననే తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి గతించినవారు. ఆయన పాఠము చెప్పుచు కఠినపదములకు అర్థములను, పిల్లలకు చెప్పవలసిన ఉదాహరణములను పుటల అంచులలో పెన్సిలుతో వ్రాసికొనిరి. పదునెనిమిది పుటలలో ఆ అంచులే లేవు. నీతిని బోధించు పుస్తకము మా చేతిలోనే అట్లు చెడినందుకు మాకు నోట మాట రాలేదు.

ప్రధానోపాధ్యాయులైన అయ్యవారు మమ్ము కొట్టలేదు, తిట్టలేదు. "జరిగినది జరిగినట్లు ఒక కాగితముపై వ్రాసి తెండు" అని మాత్రము చెప్పిరి. మేము వ్రాసికొని పోతిమి: "వానల వలన పెట్టెకు చెదలు పట్టినవి. పుస్తకములు పాడైపోయినవి. పట్టీలో పొరపాటున సంతకములు చేయబడినవి." అయ్యవారు చదివి, మూడవ వాక్యము క్రింద గీత గీచి, వ్యాకరణము అడిగినట్లే అడిగిరి: "ఈ వాక్యములో కర్త యెవరు?"

మేము మౌనముగా నిలిచితిమి. "రెండవ వాక్యములో పాడుచేసినవారెవరు? పట్టీలోని వాక్యములో సరిచూచినవారెవరు?" అని మరల అడిగిరి. కర్మణిప్రయోగమును గురించి ఎన్ని పాఠములు విన్నను, దాని చాటున మనిషి దాగికొనవచ్చునని మాకు ఆనాడే తెలిసెను. తప్పు చేసినవారు లేకయే తప్పు జరిగినట్లు వ్రాసితిమి గదా!

ఇంటికి పోయి మరల కూర్చుంటిమి. గాంధీజీ తమ ఆత్మకథలో చెప్పుకొన్న సంగతి మాలో ఒకరికి జ్ఞప్తికి వచ్చెను. ఆయన పదునైదేండ్ల వయసున అన్నగారి కడియమునుండి చిన్న బంగారుముక్కను దొంగిలించి, ఆ బాధ ఓర్వలేక తప్పును కాగితముపై వ్రాసి, మంచమునపట్టిన తండ్రిగారి చేతికిచ్చిరి. తనకు శిక్ష విధింపుమనియు, తన తప్పునకు తాము బాధపడవలదనియు కోరిరి. తండ్రిగారు కన్నీరు కార్చి ఆ కాగితమును చించివేసిరి. మేము అంతటి వారము కాము. అయినను ఆ కాగితములో కర్త స్పష్టముగా నుండెనని మాత్రము గ్రహించితిమి. రెండవమారు ఇట్లు వ్రాసితిమి: "మేము తొమ్మిది వారములు పెట్టెను సరిగా చూడలేదు. చూచినట్లు అబద్ధముగా సంతకము చేసితిమి. మా వలన పదునాలుగు పుస్తకములు చెడినవి." మూడు చిన్న వాక్యములు వ్రాయుటకు ఆ రాత్రి మాకు రెండు గంటలు పట్టెను.

మరునాడు ఆ కాగితమును తీసికొని అవ్వ యింటికి పోతిమి. ఆమెకు చూపు మందగించినందున మాలో ఒకరు చదివి వినిపించిరి. అవ్వ చెడిన పుస్తకమును ఒడిలో పెట్టుకొని, వ్రేళ్ళతో అంచులను తడిమి చూచెను. కొంతసేపటికి, "బుక్కు పోతే పోనీ నాయనా, చెదలు మా యింట్లోనూ పడతాయి. చూడకుండానే చూసినామని రాసినారే, అది నాకు కష్టమైంది" అనెను. ఆ తరువాత మాకు మజ్జిగ యిచ్చెను. ఆ మజ్జిగ త్రాగుట మాకు ఏ దెబ్బకంటెను కష్టమాయెను.

మాలో ఒకరి తండ్రిగారు డబ్బు తీసికొని పాఠశాలకు వచ్చి, "పిల్లల తప్పు అయ్యవారూ, ఎంతైతే అంత నేను కడతాను. కొత్త పుస్తకాలు తెప్పించండి" అనిరి. ఆయనది మంచి మనసే. అయ్యవారు మర్యాదగా, "తక్కిన పుస్తకములకు మీరిచ్చినది తీసికొందుము. ఆ నీతిచంద్రిక మాత్రము పిల్లలకు వదలుడు. తమ పనిని తామే చక్కదిద్దుకొననిండు" అని చెప్పిరి. తల్లిదండ్రులు ఈ మాటను మనసున ఉంచుకొనవలెనని మా ప్రార్థన. ఆనాడు డబ్బుతో అంతయు తీరిపోయియుండిన, మేము నేర్చినది ఏమియు ఉండెడిది కాదు.

అవ్వయే మాకు దారి చూపెను. ఎనిమిది కిలోమీటర్ల దూరమున నున్న గ్రామములో ఒక పెద్దమనిషి ఉన్నారనియు, ఆయన బాల్యమున తన భర్తవద్ద ఈ పుస్తకమునే చదివినారనియు, చెప్పిన అర్థములన్నియు తన ప్రతిలో వ్రాసికొనుచుండిరనియు చెప్పెను. ఆదివారమునాడు రాగిచేల నడుమ సైకిళ్ళపై అక్కడికి పోతిమి. తాత మా సంగతి యంతయు వినిరి. మేము దాచలేదు. విని, "నిజం చెప్పినారు, సంతోషం. కానీ బుక్కు మీ చేతికి ఇచ్చి పంపను. ఈ అరుగు మీదనే కూర్చుని రాసుకోండి" అనిరి. ఆ మాట మమ్ము నొప్పించెను. కాని అది న్యాయమని నలుగురమును ఒప్పుకొంటిమి. నమ్మకము పోగొట్టుకొనుటకు తొమ్మిది సంతకములు చాలును. దానిని తిరిగి అడిగి పుచ్చుకొనుటకు వీలులేదు.

నాలుగు ఆదివారములు ఆ అరుగుపై కూర్చుంటిమి. ఒకరు చదువగా ఒకరు వ్రాసిరి; మూడవవారు మూలముతో సరిపోల్చిరి; నాలుగవవారు కాగితములకు గీతలు గీచిరి. ఆదివార మాదివారమునకు పనులు మార్చుకొంటిమి. మొదటి పుటలోనే ఏడు తప్పులు దొరకెను. ఒక అరసున్న విడిచితిమి, ఒక ఒత్తు మరచితిమి, ఒకచోట ఒక పంక్తియే దాటిపోతిమి. సరిచూచుట అనగా ఏమో అప్పుడు తెలిసెను. అది కంటికి సంబంధించిన పని కాదు. మనసును ఒకచోట నిలుపు పని. అంచులలోని అర్థములను కూడ అవ్వ భర్త వ్రాసిన చోటులలోనే వ్రాసితిమి. పదునెనిమిది పుటలును ముగిసిన పిమ్మట పాత పుస్తకముతో చేర్చి కుట్టి, అట్ట వేసి, అవ్వ చేతిలో పెట్టితిమి. ఆమె దానిని తాకి చూచి, మరల పెట్టెలోనే ఉంచుమని చెప్పెను.

పౌరశాస్త్రమున మేము రెండు అధికరణములు చదివితిమి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 1976లో నలుబదిరెండవ సవరణ ద్వారా చేరిన 51-ఎ అధికరణము పౌరుల విధులను తెలుపుచున్నది. ప్రజల ఆస్తిని కాపాడుటయు, మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును విలువనెరిగి రక్షించుటయు వానిలో ఉన్నవి. మొదటిదానిని మేము తరచుగా తలచెదము, సభలలో పెద్దలును తలచెదరు. రెండవదానిని పరీక్షకొరకు మాత్రము చదివితిమి. తెలుగు చదువు మా హక్కు అని అడుగుట న్యాయమే. కాని మాకు దక్కిన తెలుగు పుస్తకమును చెదలకు వదలినది ఏ ప్రభుత్వమును కాదు, పొరుగు భాషవారును కారు. మేమే. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను చెప్పక తీరదు.

ఇప్పుడు పెట్టె గోడకు మూరెడు దూరమున, నాలుగు రాతిపలకలపై ఉన్నది. వారమునకొకసారి పుస్తకములను వెలుతురున విప్పి, నీడలో ఆరనిచ్చుచున్నాము. పట్టీ కూడ మారినది. "సరిచూడబడినవి" అను మాటను తీసివేసితిమి. "నేను లెక్కించిన పుస్తకములు ఇన్ని, నేను చూచినది ఇది" అని ఎవరికి వారు వ్రాయవలెను. చూడలేని వారము "నేను చూడలేదు" అని వ్రాయవలెను. అట్లు వ్రాసినవారిని ఎవరును నిందింపరాదు. మరునాడు ఇంకొకరు పోయి చూడవలెను.

కొలదిరోజుల క్రిందట ఆ గ్రామపు తాత పాఠశాలకు వచ్చిరి. పట్టీని అడిగి పుచ్చుకొని, కండ్లజోడు పెట్టుకొని పుటలు తిప్పిరి. ఒకచోట ఆగిరి. అక్కడ మాలో ఒకరు, "జ్వరము వచ్చినందున ఈ వారము నేను చూడలేదు" అని వ్రాసియుండిరి. తాత ఆ పంక్తిపై వ్రేలు పెట్టి మావైపు చూచిరి. తరువాత తమ సంచినుండి ఒక పాత పుస్తకమును తీసి బల్లపై పెట్టి, "ఇది నెల దినాలకు ఇస్తున్నాను. తేదీ రాసుకోండి" అనిరి.

తమ్ములారా, చెల్లెండ్రారా! వచ్చు సంవత్సరము ఆ పెట్టె తాళపుచెవి మీ చేతికి వచ్చును. మేము ఆ తేదీని పట్టీలో వ్రాసి, నలుగురమును సంతకము చేసితిమి. ఈసారి చూచియే చేసితిమి.